మా గేటు ముందు రోడ్డు

నేను ప్రజాసేవ చెయ్యాలని కౌన్సిలర్‌ని కాలేదు. ఒళ్ళు మండి అయ్యాను.

మా వీధిలో రోడ్డు పాడైనప్పుడల్లా పాతదాన్ని చెక్కకుండా దానిమీదే ఇంకో పొర వేసి పోయేవాళ్ళు. పొర మీద పొర పడి రోడ్డు ఎత్తు పెరిగింది, ఇళ్ళు గోతిలో పడ్డాయి. మా ముందు గదిలోనే నా కుట్టుమిషను. ఒక వానకి మురుగునీళ్ళు లోపలికొచ్చి, జనం నమ్మి ఇచ్చిన బట్టలన్నీ నాశనమయ్యాయి. ఎదురింట్లో రిటైరైన నర్సక్క ఉంటుంది. పక్షవాతంతో మంచాన పడ్డ వాళ్ళాయన్ని ఇద్దరం మోసుకొచ్చి నేను బట్టలు కత్తిరించే బల్లమీద పడుకోబెట్టాం. అప్పటి కౌన్సిలర్ మర్నాడు ప్యాంటు పైకి మడిచి వచ్చి, గడపలు ఎత్తు చేయించుకోవచ్చు కదమ్మా అని మాకే సలహా చెప్పి పోయాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎన్నికల్లో నిలబడ్డాను. నర్సక్క నాకోసం కాలికి బలపం కట్టుకుని తిరిగింది. "దీని నోరు మంచిది కాదమ్మా, అందుకే దీనికి వెయ్యండి" అని ఇంటింటికీ చెప్పింది. గెలిచాను.

కౌన్సిల్లో మొదటి సమావేశంలోనే ఒక్కటి అడిగాను. మా వార్డులో ఏ రోడ్డైనా సరే, పాతది చెక్కి, కాలువ బాగుచేశాకే కొత్తది వెయ్యాలి. అందరూ బల్లలు చరిచారు. ఇంజనీరు తల ఊపాడు. తర్వాత కొత్త కౌన్సిలర్లకి శిక్షణ అంటూ మమ్మల్ని వేరే ఊరు పంపారు. ప్రజల మాట ఎలా వినాలో అక్కడ నేర్పించారు.

తిరిగొచ్చేసరికి మా ఇంటి ముందు రోడ్డు నల్లగా నిగనిగలాడుతోంది. పాతదాన్ని గోటితోనైనా గీకలేదు. దానిమీదే ఇంకో పొర. పైగా మా గేటు ముందు గట్టు కట్టి, వాలంతా నర్సక్క ఇంటివైపు పెట్టారు. కొత్త కౌన్సిలర్ ఇంటి ముందు మొదట రోడ్డు వెయ్యడం తమ ఆఫీసు ఆనవాయితీ అన్నాడు ఇంజనీరు. చెక్కే మిషను ఖాళీ లేదట, నేను వచ్చేలోపు పని పూర్తిచేసి నన్ను సంతోషపెట్టాలనుకున్నాడట. మా ఆయన వాళ్ళకి దగ్గరుండి కాఫీలు కూడా ఇచ్చాడు. మనింట్లోకి నీళ్ళు రావుగా, ఇంకేం కావాలి అన్నాడు. ఆయనకి నేను పెట్టిన గడ్డి ఇక్కడ రాయలేను.

నర్సక్క గుమ్మంలో నిలబడి ఆ వాలునే చూస్తోంది. దగ్గరికెళ్ళాను.

"ఇదివరకు నీళ్ళు ఇద్దరికీ వచ్చేవి," అంది. "ఇప్పుడు నీ వంతు కూడా నాకే పంపిస్తున్నావు."

చెంపదెబ్బ తిన్నట్టయింది. ఆఫీసు చుట్టూ తిరిగాను. కొత్త రోడ్డు ముట్టుకోవడానికి రూల్సు ఒప్పుకోవన్నారు. వానలు వెళ్ళాక చూద్దామన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఈలోగా మబ్బులు కమ్ముకొస్తున్నాయి. మంచంలో కదల్లేని మనిషిని నర్సక్క ఎక్కడికి తీసుకెళ్తుంది?

గునపం తీశాను. మా ఆయన పరువు పోతుందని చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. పైనుంచి వచ్చే నీళ్ళు ముందు మా గేటు దగ్గరికే వస్తాయి. ఆ గట్టు పగలగొట్టి, వాటికి మా ఇంట్లోకి దారి చేశాను. వీధంతా చోద్యం చూసింది. సర్కారు రోడ్డు తవ్వితే పదవి పోతుందని ఇంజనీరు ఫోన్లో బెదిరించాడు. పోతే పోనీ, మిషనుందిగా, కుట్టుకుని బతుకుతానన్నాను.

మర్నాడు వాన విరుచుకుపడింది. మా ముందు గదిలో మోకాలి లోతు నీళ్ళు. నర్సక్క ఇంట్లోకి చుక్క రాలేదు. ఆవిడ వచ్చి, నాతోపాటు కుట్టుమిషను ఎత్తి బల్లమీద పెట్టింది.

వాన తగ్గకముందే ఆఫీసు జీపు వచ్చింది. వెనకాలే నీళ్ళు తోడే పంపులు, మనుషులు. కౌన్సిలర్ మేడం ఇల్లు మునిగిందని ఒకటే హడావిడి. మబ్బు విడవగానే, ఖాళీ లేదన్న మిషను కూడా వచ్చేసింది. పొరలన్నీ చెక్కేశారు, కాలువ పూడిక తీశారు. ఇన్నేళ్ళూ నర్సక్క ఫోను చేస్తే ఎత్తనివాళ్ళే ఇదంతా చేశారు. వీధిలోవాళ్ళు నన్ను పొగుడుతుంటే నాకు కడుపు మండిపోయింది. ఇదివరకు మేం మునిగినప్పుడు ఈ పంపులు ఎక్కడున్నాయి? అప్పుడు మేం మనుషులం కాదా?

మిషను వెనక్కి పంపొద్దని ఇంజనీరుతో చెప్పాను. పక్క వీధిలోనూ ఇదే గతి, వాళ్ళ రోడ్డూ చెక్కించమన్నాను. అలాగేనని తల ఊపి, నావైపు వంగి అడిగాడు.

"ఆ వీధిలో మీకు కావలసినవాళ్ళు ఎవరుంటారు మేడం?"

అతని మొహంలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.