ఎవరింటికి, పంపక్కా?

ఆరు గంటల సైరన్ ఆగిపోయినా యంకప్ప చెయ్యి ఆగలేదు. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు బూడిద పట్టిన కనుబొమ్మలతో గేటు ముందు బారుతీరి ఉన్నారు. ఒక్కొక్కరి చేత టిఫిను గిన్నె మూత తీయించి, మిగిలిన అన్నంలోకి సైకిల్ పుల్ల గుచ్చి, అది అడుగుకు తగిలి టిక్కుమన్నాక పొమ్మన్నట్టు గడ్డం ఎగరేస్తున్నాడు. అన్నం లేని గిన్నె అయితే బోర్లించి తడుతున్నాడు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఖాకీ చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా తిరుగుతుంటుంది. ఎడమ కన్ను కాస్త చిన్నది. ఇరవై ఏళ్ళుగా జనాన్ని చికిలించి చూసీ చూసీ అది అట్లాగే ఉండిపోయిందని భార్య బసమ్మ అంటుంది. శక్తినగర్ కరెంటు ప్లాంటులో మొదటి చిమ్నీ సగం లేచినప్పుడు కాపలా పనిలో చేరాడు. పదేళ్ళ కిందట ఒకడి చిత్రాన్నం కింద దాచిన రాగి తీగ ముక్కలు పట్టుకుంటే, పైవాళ్ళు మెచ్చుకుని గోడ గడియారం ఇచ్చారు. ఆనాటి నుంచి ఆయనకు లోకంలో ప్రతి అన్నం కిందా రాగి తీగే. పాలవాడి చెంబును నమ్మడు, డాక్టరు చీటీని నమ్మడు, అల్లుడు చెప్పే క్షేమ సమాచారాన్ని నమ్మడు. ఆఖరికి బహుమతిగా వచ్చిన గడియారాన్ని కూడా రోజూ సైరన్‌తో సరిచూస్తాడు.

బారు తరిగాక పంపమ్మ వచ్చింది. క్యాంటీన్‌లో రొట్టెలు తట్టే మనిషి. పొట్టిగా ఉంటుంది. పెనం సెగకు ముంజేతుల మీది వెంట్రుకలు ఎప్పుడో మాడిపోయాయి. అరచేతులు వెడల్పుగా, పిండి ఆరిన గీతలతో ఉంటాయి. చంకలో పాత గుడ్డతో మూట కట్టిన అల్యూమినియం డబ్బా ఉంది.

ఆ డబ్బాను ఎరగనివాళ్ళు లేబర్ కాలనీలో లేరు. పంపమ్మ సెలవు దొరికిన రోజున తన ఇంట్లో సజ్జ రొట్టెలు పలుచగా తట్టి, పెనం మీద విరిగేంత గట్టిగా కాల్చి ఆరబెడుతుంది. కడక్ రొట్టెలవి, నెల రోజులైనా చెడవు. వాటి మీద పల్లీల కారప్పొడి మూట, నూనె తగలని మండక్కి, అంటే మరమరాల, చుడువ మూట పెడుతుంది. ఎవరింట్లోనైనా మనిషి పోయినా, ఆసుపత్రి పాలైనా, పొయ్యి వెలగని ఇంటికి ఆ డబ్బా వెళ్తుంది. చావింట్లో పదకొండు రోజులు నూనె మూకుడు ఎక్కకూడదు కనుక, అందులో నూనెలో వేయించింది ఒక్కటీ ఉండదు. ఆ ఇంటివాళ్ళు తిన్నాక డబ్బాను కడిగి, మాటా పలుకూ లేకుండా పంపమ్మ గడప ముందు బోర్లించి పోవాలి. మామూలుగా ఒకరింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపరు, కాస్త బెల్లమో బియ్యమో వేస్తారు. ఈ డబ్బాలో మాత్రం ఏమీ వేయకూడదు. కష్టానికి బదులు పెట్టొద్దని ఆమె పెట్టిన రివాజు.

పొద్దున డబ్బాను తనతో క్యాంటీన్‌కు తెచ్చుకుని, షిఫ్టు దిగాక అటునుంచి అటే ఆ ఇంటికి వెళ్ళేది. కనుక పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి యంకప్ప పుల్ల ముందు మూట విప్పక తప్పేది కాదు. అన్ని రొట్టెలకు పిండి ఎక్కడిదన్న అనుమానం ఆయనకు ఏనాడూ పోలేదు. క్యాంటీన్ పిండి జొన్న, ఈ రొట్టెలు సజ్జవి. ఆ సంగతి తెలిసి కూడా పోలేదు.

"ఎవరింటికి, పంపక్కా?" అని అలవాటుగా అడిగాడు.

ఏ రోజైనా వెంటనే చెప్పేది, ఫలానా వాళ్ళింటికని, ఫలానా కష్టమని. ఇవాళ మాత్రం డబ్బాను బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ఆయన వైపు జరిపింది.

"నీ దగ్గరనే ఉంచుకో యంకన్నా."

"నా దగ్గరెందుకు?"

"ఉండనీ. జల్ది మెత్తబడవు. నెల దినాలు ఆగుతయి."

యంకప్ప ఎడమ కన్ను ఇంకా చిన్నదైంది. "మా ఇంట్ల ఏమయింది?"

"ఏం గాలె. నువ్వు ఊకె పరేషాన్ గాకు."

"మరి ఎవరింటికి?"

"నీకే తెలుస్తది తియ్," అని, రాయచూరు పోయే కంపెనీ బస్సు వైపు నడిచింది. డ్యూటీ లేదా అని అరిచాడు. సెలవు పెట్టినానని వెనక్కి తిరగకుండానే చెప్పి, మెట్టు మీద ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకుని ఎక్కింది.

బస్సు కదిలిందో లేదో, యంకప్ప డబ్బాను కాపలా గదిలోకి పట్టుకుపోయి తలుపు దగ్గరగా వేశాడు. గేటువాడి డబ్బాను గేటు దగ్గర ఎవరు చూస్తారు? తన చేత ఏదో బయటికి దాటించే ఎత్తు కావచ్చు. ఇరవై ఏళ్ళుగా ఆమె వంగి వంగి మూట విప్పింది ఈ ఒక్క రోజు కోసమేనేమో! మూత తీశాడు. సజ్జ వాసన గుప్పుమంది. చుడువ మూటను పిసికి చూశాడు. కారప్పొడిలో పుల్ల తిప్పాడు. రొట్టెల మధ్యలోకి గుచ్చితే పై రొట్టె పటుక్కున విరిగింది. పుల్ల దిగలేదు. ఇంకా నొక్కాడు. పటుకు పటుకుమంటూ ఒకదాని కింద ఒకటి విరిగిపోయాయి. అంచుల్లో కూడా నాలుగు వైపులా పొడిచాడు. చివరకు పుల్ల టిక్కుమంది. అడుగున ఏమీ లేదు.

ఏమీ లేకపోవడంతో ఆయనకు అసలు భయం పట్టుకుంది.

ఎందుకంటే పంపమ్మ డబ్బా ఒక్కోసారి కబురు కంటే ముందే వెళ్తుంది. నిరుడు టైమ్ ఆఫీసు గుమాస్తా యోగానంద్ ఇంటికి అట్లాగే వెళ్ళింది. ఏమైందని అందరూ నవ్వారు. వారం తిరక్కుండా ఆయన భార్య రెండు కిడ్నీలూ పోయాయని బయటపడింది. ఆయన మూడు రోజులుగా పళ్ళెంలో సగం తిండి వదిలేయడం రొట్టెలు వడ్డించే పంపమ్మ చూసిందట. ఎవరి కడుపులో ఏ దిగులుందో ఆమెకు ఎంగిలి పళ్ళేలు చెబుతాయి. అయితే యంకప్ప క్యాంటీన్‌లో తినడు, ఎవరు ఏం కలిపారోనని ఇంటి నుంచి తెచ్చుకుంటాడు. మరి ఆమె ఎక్కడ చూసింది? ఏం చూసింది?

తోటి కాపలాదారు అమరేశ్‌ను అడిగాడు. "కాంట్రాక్టోళ్ళ లిస్టు ఏమన్నా వచ్చిందా? నా పేరు తీసేసిన్రా?"

"నిన్నెవరు తీస్తరన్నా? నువ్వు లేకుంటే గేటు తెరుచుకోదు," అని అమరేశ్ నవ్వాడు. ఆ నవ్వులో ఏదో దాచాడని యంకప్పకు అనిపించింది.

ఎనిమిదింటికి టీ బంకు పక్కనున్న ఎస్టీడీ బూతుకు వెళ్ళాడు. జాలహళ్ళిలో అల్లుడింటి ఎదురు కిరాణా కొట్టుకు ఫోన్ చేసి కూతురు స్ఫూర్తిని పిలిపించాడు. ఏడో నెల బరువుతో ఆ పిల్ల వచ్చి రిసీవరు అందుకుంది.

"మంచిగనే ఉన్నవా?"

"మంచిగనే ఉన్న నాయినా."

"అబద్ధం చెప్పకు. కడుపుల పిల్ల తిరుగుతున్నదా?"

"తిరుగుతున్నది."

"మీ ఆయన కొడ్తున్నడా?"

"మంచి మాట ఒక్కటన్న అడుగవేంది నాయినా? గిట్ల ఫోన్ చేసుడుకన్న చేయకుంటనే నయం," అని స్ఫూర్తి పెట్టేసింది. యంకప్ప రిసీవరు పెట్టి డబ్బులిచ్చాడు. నిజానికి ఆయన ప్రాణమంతా ఆ పిల్ల మీదే. అయినా అడగడమంటే ఆయనకు ఆరా తీయడం ఒక్కటే వచ్చు.

ఇక మిగిలింది బసమ్మ. ఆమెకు రెండు నెలలుగా పొడి దగ్గు. పదింటికి అమరేశ్‌ను గేటు దగ్గర నిలబెట్టి ఇంటికి పరుగెత్తాడు. బసమ్మ వాకిట్లో చెరిగిన మిరపకాయలు ఎత్తుతూ దగ్గుతోంది.

"ఎక్స్‌రేల ఏమొచ్చింది? నిజం చెప్పు. పంపక్కకు చెప్పి నాకు దాస్తున్నవా?"

ఆమె చేట కింద పెట్టి ఆయన్ను పైకీ కిందికీ చూసింది. "చాతీల ఏం లేదన్నరు గద, నువ్వే మూడు సార్లు చదివిపిచ్చుకుంటివి. మిరపకాయలకు దగ్గుతున్న. నీ పుల్ల తెచ్చి గొంతుల పెట్టి చూసుకో పో."

మాట పడ్డా ప్రాణం కుదుటపడలేదు. తిరిగి వస్తూ దారిలో తన ఛాతీ మీద తానే చెయ్యి పెట్టి చూసుకున్నాడు. గుండె సరిగ్గానే కొట్టుకుంటోంది. అది కూడా అనుమానంగానే ఉంది.

మధ్యాహ్నం రెండింటికి, ఈయన షిఫ్టు దిగే వేళకు, బస్సు డ్రైవరు రంగా గేటు దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పంపక్క పోయిందన్నా," అన్నాడు. "యరమరస్ దాటినంక కిటికీకి తల ఆనిచ్చింది. నిద్రపోయిందనుకున్న. రాయచూరుల అందరు దిగిన్రు, ఆమె దిగలే. గుండె ఆపరేషన్ ఉండెనంట. ఇయ్యాల దవాఖానల చేరేదుండెనంట. మొగనికి తప్ప ఎవరికి చెప్పలే. ఇంటికి తోలుకొచ్చినం."

యంకప్ప పుల్లను నడుము బెల్టులో దోపుకుని అటే వెళ్ళాడు.

పంపమ్మ భర్త నింగప్పకు చూపు లేదు. పిల్లలు లేరు. గోడకు ఆనుకుని, ఎవరి అడుగు వినబడితే వాళ్ళ వైపు తల తిప్పుతున్నాడు. కాలనీ అంతా వచ్చింది. ఆడవాళ్ళు ఏడ్చారు, మగవాళ్ళు మోశారు, పొద్దు గుంకకముందే మట్టి అయిపోయింది. అందరూ స్నానాలు చేసి వచ్చి ఆ వాకిట్లోనే కూర్చున్నారు. నింగప్ప ఉదయం నుంచి ఏమీ తినలేదు. పొయ్యి చల్లగా ఉంది. ఎవరూ లేవలేదు. ఇరవై ఏళ్ళుగా చావింటికి డబ్బా దానంతట అదే వస్తుందని అలవాటు పడిపోయారు. తెచ్చే మనిషే పోయిందన్నది ఎవరికీ తట్టలేదు. "ఇంక రాలేదేంది?" అని ఒక ముసలామె అననే అంది, అని నాలుక కరుచుకుంది.

అప్పుడు తెలిసింది యంకప్పకు, ఎవరింటికో.

గేటు దాకా ఎట్లా వెళ్ళాడో, ఎట్లా వచ్చాడో ఆయనకే తెలియదు. కాపలా గది బల్ల కింది డబ్బాను గుండెకు హత్తుకుని తెచ్చాడు. లోపల ముక్కలు అడుగడుక్కూ గలగలమంటుంటే, ఆ చప్పుడు వాకిట్లో అందరికీ వినబడుతుందని సిగ్గుతో చచ్చిపోయాడు. నింగప్ప ముందు పెట్టి మూత తీశాడు. నింగప్ప లోపల చెయ్యి పెట్టి తడిమాడు. ఒక్క రొట్టె కూడా గుండ్రంగా తగలలేదు. ఒక ముక్క తీసి అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు. పుల్ల దిగిన చోట నున్నటి చిల్లు ఉంది. వేలు అక్కడ ఆగింది.

"చూసినవా?" అన్నాడు.

"చూసిన," అన్నాడు యంకప్ప. తప్పు ఒప్పుకునే మాట జీవితంలో ఎన్నడూ అనలేదు ఆయన.

"చూస్తవని చెప్పింది. ఆరు దినాలు కూసుండి కాల్చింది. నేను గిట్ల రాకుంటే నువ్వేం తింటవన్నది. ఇంటింటికి ఇచ్చినవు గద, ఎవరికన్న చెప్పు అని నేనన్న. ఊహూ, యంకన్నకిస్త అన్నది. ఇన్నేండ్లల్ల ఎవరింటికని అడిగినోడు ఆయనొక్కడే అన్నది."

నింగప్ప ఆ ముక్కను కారంలో అద్దుకుని నమలసాగాడు. కడక్ రొట్టె నమిలే చప్పుడు తప్ప ఆ వాకిట్లో ఇంకేమీ లేదు. యంకప్ప ఆయన పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ముప్పై ఏళ్ళ నాడు తల్లి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

పన్నెండో రోజు తెల్లవారి బసమ్మ తలుపు తీసి, "ఏమయ్యో, గిటు రా," అని పిలిచింది. యంకప్ప షిఫ్టుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. వాకిట్లో ఎవరూ లేరు. అడుగులు కూడా కనబడలేదు. అలవాటు కొద్దీ వంగి, గడప ముందున్న డబ్బాను ఎత్తి, లోపల చూశాడు. ఏమీ లేదు. ఏమీ వేయకూడదు కదా. మళ్ళీ ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే పెట్టాడు.

గడప ముందు, శుభ్రంగా కడిగి బోర్లించిన పంపమ్మ డబ్బా ఇంకా తడి ఆరలేదు. మూత అంచు మడతలో, కడిగిన చూపులేని మనిషి చేతికి తగలని సజ్జ నలుసు ఒకటి అంటుకుని ఉంది.