ముద్దాయి బాలమణి

"గిదంతా చదివినవని పోలీసోళ్లు మనింటికొస్తే ఎట్ల బిడ్డా?" అంది బాలమణి. ఏమీ జరగకముందే భయపడటం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య.

చేతిలో ఇస్త్రీపెట్టె, దాని కింద తను పనిచేసే వృద్ధుల కేర్ హోమ్ యూనిఫాం. వంటింటి బల్ల దగ్గర కూతురు మనోజ్ఞ, లా రెండో ఏడు. అమెరికా ఫెడరల్ క్రిమినల్ ప్రొసీజర్ అనే పేపరు ఏరికోరి తీసుకుంది. రేపు క్లాసులో పోలీసు విచారణ నటించి చూపాలట. అందుకని ఇంగ్లండులో, నార్తాంప్టన్‌లోని ఆ వంటింట్లో, ఆదివారం మధ్యాహ్నం పూట, తల్లి ముద్దాయి అయింది.

"నేనడుగుత మమ్మీ, నువ్వు సైలెంట్‌గ ఉండు. ఆ రైట్ నీకుంది."

"ఊకునుడు నాకు నేర్పుతవా?" నవ్వింది బాలమణి.

ఆ పనిలో ఆమెది పెళ్లినాటి నుంచీ ఇరవై రెండేళ్ల అనుభవం. తొమ్మిదో తరగతితో ఆగిన చదువుకి తోడు ఇంగ్లీషు క్లాసుకు పోతానంటే, "పొయ్యి మీద పప్పు ఇంగ్లీషుల ఉడుకుతదా?" అన్నాడు భర్త నర్సింహ. ఊరుకుంది. "మా కోడలికి నోట్లె నాలుక లేదు" అని అత్తగారు పదిమందికీ చెప్పుకుంటే, అదీ పొగడ్తే అనుకుంది. పోయిన వారం మేనేజరు పిలిచి సీనియర్ కేరర్‌ని చేస్తానంది, సోమవారం లోపల చెప్పమంది. ఇంటికొచ్చి చెబితే నర్సింహ టీవీ మీంచి చూపు తిప్పలేదు. అప్పటి నుంచీ అన్నీ గుబుళ్లే. ఎవరికే డ్యూటీయో రాసే రోటా తప్పు రాస్తే? తన షిఫ్టులో ఏ ముసలమ్మో జారిపడితే? తన ఇంగ్లీషుకి కింద పనిచేసే పిల్లలు నవ్వితే? అన్నిటికన్నా, ఆయన వద్దంటే?

ముందుగదిలో నర్సింహ ఫోను స్పీకర్‌లో పెట్టి బేసింగ్‌స్టోక్‌లో ఉన్న చెల్లెలు అక్షరతో మాట్లాడుతున్నాడు. ఆమెకు నెలలు నిండాయి.

"అమ్మకు వీసా రాకపోతేంది, మీ వదినె వస్తది. ఆర్నెల్లుంటది. రేపే పని మాన్పిస్త."

"వదినెను అడిగినవా అన్నా?"

"దాన్ని అడిగేదేంది? ఏమన్న వద్దన్నదా? మౌనం అర్ధాంగీకారం!"

ఇస్త్రీపెట్టె ఆగింది.

"మనూ, మాట్లాడకుంటే ఒప్పుకున్నట్టేనా? నీ పుస్తకంల ఏమున్నది?"

మనోజ్ఞ పేజీలు తిప్పింది. "ఒక కేసుంది మమ్మీ. ఒకాయన ఆల్మోస్ట్ త్రీ అవర్స్ నోరిప్పలే. లాస్ట్‌కి ఒక్క ఆన్సర్ ఇచ్చి ఇరుక్కున్నడు. ఉత్తగ ఊకుంటే సరిపోదన్నది కోర్టు. నాకీ రైట్ కావాలని నోరు తెరిచి చెప్పాలంట."

"ఊకునే హక్కుకు సుత నోరు తెరవాల్నా?"

"యెస్. క్లియర్‌గ."

బాలమణి ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపింది. యూనిఫాంని హ్యాంగర్‌కి తగిలించి, దాన్ని పట్టుకునే ముందుగదిలోకి నడిచింది.

"అక్షరా, కాన్పుకు వస్త. వారం లీవు పెట్టుకొని, కారం పొడులు కొట్టుకొని వస్త. ఆర్నెల్లు మాత్రం ఉండ. సీనియర్ కేరర్ పని ఒప్పుకుంటున్న."

నర్సింహ సోఫాలోంచి లేచాడు. "ఎవర్నడిగి ఒప్పుకుంటున్నవ్?"

వెనక నుంచి మనోజ్ఞ గుసగుసగా, "యు డోంట్ హావ్ టు ఆన్సర్, మమ్మీ" అంది. వంటింట్లో ఇస్త్రీపెట్టె టిక్కుటిక్కుమంటూ చల్లారుతోంది. ఎప్పటిలాగే ఊరుకుంటుందని నర్సింహ మళ్లీ కూర్చోబోయాడు.

"నన్ను" అంది బాలమణి. "ఇరవై రెండేండ్లల మొదటిసారి నన్ను నేనే అడిగిన. ఔనన్న."