నల్లబడిన ఆకు

"ఆకు ఎండలో వేసినావేందీ? నల్లబడితే కంపెనీవోళ్లు తీసుకోరని ఎన్నిసార్లు చెప్పల్ల?" పొద్దున్నే మా ఆయన అరుపు. ఆళ్లగడ్డలో మాది వనమూలికల అంగడి. తూచేదీ బేరమాడేదీ ఆయన. ఏరేదీ కడిగేదీ నీడన ఆరబెట్టేదీ నేను. బాట్నీ చదివిన కోడలు దొరికిందని మా అత్త మురిసింది ఇందుకే. పచ్చగా ఆరిన సరస్వతి ఆకు మూటలు కట్టి పంపిస్తాం. నల్లబడింది పొడి కొట్టి ఇంట్లో వాడుకుంటాం.

ఆ నల్లపొడే ఆరేళ్లుగా మా ఆడబిడ్డ సౌమ్యకు పాలల్లో కలిపి ఇస్తున్నాను. తొంభై తొమ్మిదిలో కాన్పుకని పుట్టింటికొచ్చి, పురిట్లో బిడ్డ పోయాక గోడవైపు తిరిగి పడుకుంది. నంద్యాల డాక్టరు డిప్రెషన్ అన్నాడు, మాత్రలు రాశాడు. "అంగడి నిండా మెదడుకు మందు పెట్టుకోని పిచ్చిమాత్రలు మింగిస్తే ఊరు నవ్వదా?" అన్నాడు మా ఆయన. అత్త నావైపు తిరిగింది. "నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. ఆకు చాలదా?"

కాపురానికొచ్చిన ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో నా అభిప్రాయం అడగడం అదే మొదలు. ఆకు తెచ్చే చెంచు బయ్యమ్మ అంతకు ముందు వారమే సౌమ్యను చూసి, "ఈ ఆకు మేం కూర వండుకుంటాం గానీ అమ్మా, మనిషి ఇట్ల పడిపోతే మేమూ పెద్దాస్పత్రికే పోతాం" అని చెప్పింది. చాలదని నాకూ తెలుసు. అయినా అందరూ నా నోటివైపు చూస్తుంటే, ఛీ, ఎంత ఆశపడ్డానో! "చాలత్తా" అన్నాను. ఆ పూట అత్త నాకే ముందు వడ్డించింది. సిగ్గులేకుండా తిన్నాను.

నిన్న మా ఆయన పేపరు కత్తిరించి అంగట్లో అంటించాడు. మొక్కల్లోని రసాయనాలు మెదడు వాపునూ దిగులునూ తగ్గిస్తాయేమోనని ఎలుకల మీద చూస్తున్నారట. "నేనప్పుడే చెప్పలే?" అని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. చివరి రెండు వరుసలు కత్తెరకు పోయాయి. ఊడ్చేదాన్ని నేనే కాబట్టి ఆ ముక్క నాకు దొరికింది. మనుషుల్లో ఇంకా తేలలేదనీ, డాక్టరు మందులు మానొద్దనీ ఉంది అందులో.

ఆకును ఎండలోనే వదిలేశాను. పొడి డబ్బా అడుగున దాచిన నంద్యాల డాక్టరు మందుల చీటీ తీసి, సౌమ్యకు చీర మార్చాను.

"యాడికి పోతాండావ్?" అంది అత్త.

"నంద్యాలకు. సౌమ్యను డాక్టరుకు చూపియ్యల్ల."

"మొగుణ్ని అడిగినావా?"

"అప్పుడు మీరు నన్ను అడిగినారు కదత్తా. ఇప్పుడు చెప్తాండా. చాలదు."

బస్టాండులో సౌమ్య నావైపు తిరిగింది. "వదినా, ఆకు చాలదని నీకు అప్పుడే తెలుసా?"

పిల్ల వయసులో ఆరేళ్లు పాలల్లో కలిపి తాగించాను. ఇంకొక్క అబద్ధం ఆడలేకపోయాను.

"తెలుసు."

నా చేతిలోంచి చెయ్యి లాక్కుంది. శిరివెళ్ల మీదుగా నంద్యాల పోయే బస్సొచ్చింది. నావైపు చూడకుండా, నాకంటే ముందు ఎక్కింది.