హ్వే గుమ్మంలో మొదటి కాలు

వియత్నాం వాళ్ల కొత్త సంవత్సరం, తేత్ పండగ తొలిరోజు ఎవర్నీ తిట్టకూడదు. ఆ రోజు నోట్లోంచి ఏ మాట వస్తే ఏడాదంతా అదే నడుస్తుందిట. ఈ నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ, హ్వే సంగతి తెలిసి పెట్టినవాడు మాత్రం కాదు. సైగాన్ రేవు వెనకాల ఆ సందులో ఆవిడ నోరు లేవకుండా తెల్లారిన రోజు లేదు. ముప్పై ఏళ్లుగా ఇంటి ముందుగదిలోనే నూడుల్స్ కొట్టు నడుపుతోంది. గిన్నె ఆలస్యమైందని ఎవడైనా నసిగితే నూడుల్స్‌తో పాటు వాడి వంశచరిత్ర కూడా వడ్డించేది. అలాంటి మనిషి ఇవాళ పొద్దున్న ఆరింటి నుంచీ పెదాలు బిగించుకుని, కొత్త బట్టలు కట్టుకుని గుమ్మానికెదురుగా కూర్చుంది.

ఎదురుచూపులు ఖాంగ్ గారి కోసం. కొత్త ఏట గుమ్మం దాటే మొదటి మనిషి ఎలాంటివాడైతే ఆ ఇంటికి ఏడాది అలా ఉంటుంది. కోడలు దియెమ్‌కి రెండేళ్లలో రెండుసార్లు కడుపు పోయింది. మొదటి ఏడు గుమ్మం దాటింది పిలవని పేరంటానికొచ్చిన ఇన్సూరెన్స్ ఏజెంటు, పైగా ఏడాదికో జంతువు పేరుండే అక్కడి పంచాంగంలో పంది ఏట పుట్టినవాడు. రెండో ఏడు హ్వే సొంత తమ్ముడే, పెళ్లాం వదిలేసినవాడు, తలుపు తోసుకొచ్చి "అక్కా, తలనొప్పి మాత్ర ఉందా?" అన్నాడు. డాక్టరమ్మ ఏవేవో కారణాలు చెప్పింది. హ్వే దృష్టిలో మాత్రం ఆ తలనొప్పి మాత్రే కారణం.

ఇప్పుడు దియెమ్‌కి ఎనిమిదో నెల. ఈసారి ఏ పొరపాటూ జరక్కూడదని హ్వే నెల ముందే పంచాంగం ముందేసుకుని కూర్చుంది. వచ్చేది పాము ఏడు. పాముకి కోడితోనూ గేదెతోనూ పొత్తు కుదురుతుంది, పందితో అస్సలు పడదు. ఖాంగ్ గారు కోడి ఏట పుట్టారు. రేవులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి. అమ్మానాన్నలు తొంభై దాటాకే పోయారు. నలుగురు పిల్లలు, పక్కన భార్య, నోట్లో ముప్పై రెండు పళ్లూ భద్రం. అరవై ఎనిమిదేళ్లొచ్చినా ఆసుపత్రి గడప తొక్కి ఎరగరు. "అన్నయ్యా, సరిగ్గా ఏడింటికి మీ చల్లని పాదం మోపండి" అని బతిమాలింది. "వస్తాన్లే చెల్లెమ్మా" అన్నారాయన.

ఏడయింది, ఎనిమిదయింది. ఆయన జాడ లేదు.

"అమ్మా, ఒక్క సిగరెట్ కాల్చుకొస్తా" అన్నాడు కొడుకు క్వీ.

"నువ్వు బయటికెళ్లి మళ్లీ లోపలికొస్తే మొదటి కాలు నీదే అవుతుంది బంగారం. నీ జాతకం ఎంత గొప్పదో నాకు తెలుసు కదా నాన్నా" అంది హ్వే, గొంతుకి తేనె పూసుకుని. మామూలు రోజైతే ఆ మాట ఎలా ఉండేదో క్వీకి తెలుసు. సిగరెట్ పెట్టె మళ్లీ జేబులో దోపుకున్నాడు.

ఎనిమిదిన్నరకి గుమ్మంలో వెలుతురు ఆగిపోయింది. చూస్తే ఆరడుగుల పైన ఇంకో జానెడు తెల్లవాడు. నిక్కరూ, వీపున తనంత మూటా. తల వంచి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ కుడికాలు లోపల పెట్టేశాడు.

హ్వే నోరు తెరిచింది. ముప్పై ఏళ్ల అనుభవమంతా గొంతుదాకా తోసుకొచ్చింది. దిగమింగుకుని "రా నాయనా, రా" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఆనందబాష్పాలు మాత్రం కావు.

వాడు గది చూద్దామని గిర్రున తిరిగాడు. వీపున మూట పసుపుపచ్చ పూలకుండీకి తగిలింది. సగం పూలు నేల మీద రాలాయి. ఇవాళ ఊడ్చే వీల్లేదు, ఊడిస్తే లక్ష్మి కూడా చెత్తతో పాటు పోతుంది. వాడు ఎర్ర ప్లాస్టిక్ స్టూలు లాక్కుని, మోకాళ్లు చెవులకి ఆనించుకుని కూర్చుని, నూడుల్స్ కావాలని వేళ్లతో సైగ చేశాడు.

దియెమ్ మొన్నమొన్నటిదాకా పెద్ద హోటల్లో రిసెప్షన్‌లో పనిచేసింది, ఇంగ్లీషు బాగా వచ్చు. "అత్తా, మన కొట్టు ఇవాళ కూడా తెరిచే ఉందనుకుంటున్నాడు."

"బోర్డు తీసెయ్యమంటే విన్నావా అమ్మా?" అన్నాడు క్వీ.

"బోర్డు సంగతి తర్వాత. ముందు ఏ ఏట పుట్టాడో అడుగు. పంది అని మాత్రం చెప్పొద్దని చెప్పు!"

వాడి పేరు రాస్మస్, ఊరు డెన్మార్క్. తొంభైయేడు మే నెలలో పుట్టాట్ట. హ్వే వేళ్ల కణుపుల మీద లెక్కేసింది. తొంభైయారు ఎలుక. తొంభైయేడు...

"గేదె!" అని అరిచింది.

"చూస్తే తెలియట్లా?" అన్నాడు క్వీ.

"అమ్మానాన్నలున్నారా?" ఉన్నారు. "కలిసే ఉన్నారా?" కలిసే ఉన్నారు. "తోబుట్టువులు?" ముగ్గురు. "ఎప్పుడైనా ఆసుపత్రిలో పడుకున్నాడా?" పడుకోలేదు. ఆ కుర్రాడు వచ్చిన పాఠం అప్పజెప్పినట్టు టకటకా చెప్పేస్తున్నాడు. హ్వేకి ప్రాణం కాస్త కుదుటపడింది. ఖాంగ్ గారంత కాకపోయినా ఫరవాలేదు, గేదె గేదే. అరిటాకులో చుట్టి ఉడికించిన జిగురన్నం మొద్దొకటి కోసి ముందు పెట్టింది. వాడు ఆకుతో సహా కొరికాడు. దియెమ్ ఆకు ఒలిచి చూపించాక, కొబ్బరినీళ్లలో ఉడికిన పంది మాంసం, గుడ్లూ కలుపుకుని రెండు పళ్లాలు ఖాళీ చేశాడు. తినేవాణ్ణి చూస్తే హ్వేకి ఎప్పుడూ కోపం నిలవదు.

కడుపు నిండాక వాడు కథ మొదలెట్టాడు. దియెమ్ నవ్వాపుకుంటూ చెప్పింది.

"ఈ ఊళ్లో జనసముద్రం చూద్దామని అయిదు రోజుల కిందట దిగాట్ట అత్తా. నాలుగు రోజులూ రోడ్డు దాటడం నేర్చుకోడానికే సరిపోయిందిట. మొదటిరోజు పొద్దున్నంతా ఒకే చోట నిలబడిపోయాట్ట. చివరికి ఓ ముసలమ్మ చెయ్యి పట్టుకుని దాటించి, అవతలొదిలేసి వెళ్లిపోయింది. బస మళ్లీ ఇవతల వైపే! చెయ్యెత్తి, ఆగకుండా, పరిగెత్తకుండా నడవాలని నిన్నటికి పట్టుబడిందిట. ఇవాళ లేచి చూస్తే ఊరంతా ఖాళీ! తనకి చెప్పకుండా అందరూ ఏదో ఉపద్రవం నుంచి పారిపోయారనుకున్నాట్ట."

"మరేం చేశాట్ట?"

"పెద్దరోడ్డు మీద ఒక్క బండి లేకపోయినా, నేర్చుకున్న విద్య కదా అని చెయ్యెత్తి నింపాదిగా దాటాట్ట. అటుపక్క నుంచి పోలీసాయన చూసి చప్పట్లు కొట్టాట్ట. ఆకలేసి, బసలో దేవుడి ముందున్న అరటిపండు తిందామా వద్దా అని గంట ఆలోచించి మానేశాట్ట."

"బుద్ధిమంతుడు" అంది హ్వే. ఇంకో గుడ్డు వేసింది. "ఊళ్లో ఇన్ని గుమ్మాలుండగా మా గుమ్మమే ఎలా దొరికిందో అడుగు."

రాస్మస్ వేలెత్తి సందు మొదలు వైపు చూపించాడు. దియెమ్ వింటూ వింటూ నవ్వడం మానేసింది.

"సందు మొదట్లో ఎవరో తాతగారు పంపారంటున్నాడు అత్తా. వయసడిగార్ట. అమ్మానాన్నల గురించీ, జబ్బుల గురించీ అడిగార్ట. ఇప్పుడు నువ్వడిగినవన్నీ ఆయన ముందే అడిగేశార్ట. తర్వాత తన దువ్వెనతో తల దువ్వి, కుడికాలు ముందు పెట్టు, నవ్వుతూ వెళ్లు, అని మన గుమ్మం చూపించార్ట."

"తెల్లచొక్కా మనిషా? ముప్పై రెండు పళ్లూ ఉన్నాయా?"

"తెల్లచొక్కాయేనట. పళ్లు లెక్కపెట్టలేదుట."

హ్వే చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తింది. మూసేసిన కాఫీ బడ్డీ పక్కన, స్టూలు మీద, ఇస్త్రీ చొక్కాలో ఖాంగ్ గారు కూర్చుని ఉన్నారు. ఒళ్లో పెద్ద పుచ్చకాయ.

"కుర్రాడు బాగున్నాడా చెల్లెమ్మా? గేదె ఏడు!" అన్నారాయన ఉత్సాహంగా. "రేవులో నావికుల దగ్గర నేర్చిన ఇంగ్లీషు ఇన్నాళ్లకి పనికొచ్చింది. వీడికంటే ముందు ఇంకోడు దొరికాడు గానీ వాడు పంది. వంతెన అవతలికి పంపించేశా."

"మీరెందుకు రాలేదన్నయ్యా? నేను పిలిచింది మిమ్మల్ని కదా!"

ఖాంగ్ గారు పుచ్చకాయని అటూ ఇటూ తిప్పారు. "మొన్న పెద్దాసుపత్రిలో ఫొటో తీశారు. ఊపిరితిత్తిలో మచ్చ ఉందిట. పండగ వెళ్లాక కొయ్యాలంటున్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఇది లోపల పెట్టుకుని ఆ పిల్ల ముందుకి ఎలా వస్తాను చెప్పు? చెయ్యిచ్చానని నువ్వనుకోకూడదు. అందుకే నా బదులు మంచివాణ్ణి చూసి పంపుదామని ఏడింటి నుంచీ ఇక్కడే కూర్చున్నా."

నిజం చెప్పుకోవాలి. ఆ మాట వినగానే హ్వే మనసులో మొదట మెదిలింది జాలి కాదు. 'అమ్మయ్య, లోపలికి రాలేదు' అనుకుంది. ఆ వెంటనే సిగ్గేసింది. కొత్త బట్టల్లో, అంతమంది దేవుళ్లకి దణ్ణం పెట్టుకున్న పొద్దున్న, తన మీద తనకే అసహ్యమేసింది. ఆయన ఆవిడ మొహంలోకి చూసి అంతా గ్రహించారు.

"అందుకే రాలేదమ్మా" అన్నారు మెల్లగా. "ఇదిగో, ఈ పుచ్చకాయ తీసుకెళ్లు. నేను ఇంటికెళ్తా."

"లేవండి."

"వద్దు చెల్లెమ్మా."

"మొదటి కాలు పడిపోయింది. రెండో కాలుకి ఏ పంచాంగంలోనూ లెక్క లేదు. లేవండి."

"నీకు భయంగా లేదూ?"

"ఉంది" అంది హ్వే. "చచ్చేంత భయంగా ఉంది. లేవండి అన్నయ్యా, కూర చల్లారిపోతోంది."

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. గుమ్మం దగ్గర ఆయన కాళ్లు ఆగిపోయాయి. లోపల దియెమ్ పొట్ట మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడి "రండి మావయ్యగారూ" అంది. రాస్మస్ ఆయన్ని చూడగానే తన స్టూలు తుడిచి ముందుకి జరిపాడు. ఖాంగ్ గారు చెప్పులు విడిచి, గడప వంక చూస్తూ కాలెత్తారు. హ్వే కోడలి పొట్ట వైపు చూసింది, ఆయన పాదం వైపు చూసింది. ఆయన కాలు లోపల పడేదాకా ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.