చక్రం కదలని గంటలు

ఆ ఇంట్లో ఇద్దరు డ్రైవర్లు. అక్క సిటీ బస్సు నడుపుతుంది, చెల్లెలు విమానం నడుపుతుంది. మెట్ల మీద ఎదురైనవాళ్ళు చెల్లెల్ని చూస్తే పక్కకు జరిగి దారిస్తారు, అక్కను చూస్తే నిన్న బస్సు ఎందుకు ఆలస్యమైందని నిలదీస్తారు. ఇంటద్దె మాత్రం అక్క జీతంలోంచే వెళ్తుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని పెద్దలు ఊరికే అనలేదు.

నవ్వకండి, చెల్లెలు తెలివితక్కువదేం కాదు. పంతొమ్మిది సీట్ల చిన్న విమానానికి కో-పైలట్, చేరి ఏడాదైంది. ఆ కంపెనీ జీతం లెక్కే చిత్రమైనది. చక్రం కదిలిన నిమిషం నుంచి మళ్ళీ ఆగిన నిమిషం వరకే కో-పైలట్‌కి కూలి. ముందూ వెనకా చేసిందంతా పుణ్యానికే. తెల్లవారేసరికి వెళ్ళి వాతావరణం చూడాలి, విమానం చుట్టూ తిరిగి టైర్లూ రెక్కలూ తడిమి చూడాలి. అది పైలట్ పనే, దానికి ఆమె ఎన్నడూ విసుక్కోలేదు. అయితే అక్కడ ఎప్పటినుంచో ఒక ఆనవాయితీ ఉంది. ప్రయాణికుల పెట్టెలు మోసి విమానంలో సర్దడం, ట్రిప్పు ట్రిప్పుకీ సీట్ల కింద ఖాళీ పొట్లాలు ఏరడం కూడా కో-పైలటే చేయాలి. ఏ కాగితంలోనూ రాసి లేదు. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తే పదకొండు గంటలు, జీతం మూడు గంటలకి. దీన్ని వెట్టిచాకిరీ అనకపోతే ఇంకేమంటారో నాకు తెలీదు.

మరి ఎందుకు పడుతోందంటే, ఆ ఎగిరిన గంటల లెక్క కోసమే. పెద్ద కంపెనీలు పదిహేను వందల గంటలు ఎగిరితే గానీ గడప తొక్కనివ్వవు. ఆమెవి ఇంకా తొమ్మిది వందలు దాటలేదు. ఈ సీటు పోతే ఆ అంకె అక్కడే ఆగిపోతుంది, చిన్నప్పటి నుంచీ కోరుకున్న బతుకు కూడా దాంతోపాటే ఆగిపోతుంది. ఆ సంగతి కంపెనీకి ఆమెకంటే బాగా తెలుసు. అందుకే ఇంకో రెండేళ్ళకు అదే జీతంతో ఒప్పందం రాసి, శుక్రవారంలోగా సంతకం పెట్టమంది.

గురువారం భోజనాల దగ్గర అక్క కంచం పక్కకు జరిపి ఆ ఒప్పందం మొత్తం చదివింది. తమకు డిపోలో సంతకం పెట్టిన నిమిషం నుంచే జీతమనీ, బస్సు సిగ్నల్ దగ్గర ఆగినా, అసలు స్టార్టే కాకపోయినా ఆ జీతం ఆగదనీ చెప్పింది. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, తమకు ముందువాళ్ళు అడిగి తెచ్చుకున్నదట. ఇదే సీటు కోసం బయట రెండు వందల మంది కాచుక్కూర్చున్నారని చెల్లెలు గొణిగింది.

"కూర్చోనీ. రేపు పొద్దున ఆ విమానం లేవాలంటే వాళ్ళలో ఎవరొస్తారే?" అంది అక్క. "అడగందే అమ్మయినా పెట్టదు. నువ్వెప్పుడైనా అడిగావా?"

అడగలేదు. ఏడాదిలో ఒక్కసారి కూడా అడగలేదు. ముందు సిగ్గేసింది, ఆ వెనకే కోపమొచ్చింది, ఆ కోపం మీదే హాయిగా నిద్ర కూడా పట్టింది.

ఊరక రారు మహానుభావులు. శుక్రవారం పొద్దున కంపెనీ యజమాని నలుగురు అతిథుల్ని వెంటబెట్టుకుని మరీ ఆ విమానానికే వచ్చాడు. కో-పైలట్ తాను చూడాల్సినవన్నీ చూసుకుని, వెళ్ళి తన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. పెట్టెలు విమానం పక్కన ఎండలో ఉన్నాయి. టికెట్ల గుమాస్తా వచ్చి అద్దం తడితే, పెట్టెల సంగతి తన ఒప్పందంలో లేదని చెప్పి పంపించింది. ఎడమ సీట్లో కెప్టెన్ ఉన్నాడు. యాభై దాటినవాడు, అవసరానికి మించి ఒక్క మాట ఖర్చు పెట్టడు. ఆమె వంక ఒకసారి చూసి తన కాగితాల్లో తల దూర్చాడు.

చివరికి యజమానే వచ్చి, విమానం ఎందుకు కదల్లేదని అడిగాడు.

"చక్రం కదిలాకే నాకు జీతమండి. ఇంకా కదల్లేదు," అంది ఆమె, ఎంతో మర్యాదగా.

ఆయనా ఆ రెండు వందల మంది కథే ఎత్తుకున్నాడు. పిలిపించమంది ఆమె, వాళ్ళు వచ్చేదాకా తాను కూర్చుంటానంది. అతిథుల ముందు తల కొట్టేసినట్టయింది ఆయనకు. పెట్టెలు మోయడం ఏమంత బ్రహ్మవిద్య అంటూ కోటు విప్పి, గుమాస్తాను తోడు పెట్టుకుని తానే దిగాడు. పది నిమిషాల్లో చొక్కా తడిసిపోయింది. ఇక ఎగరమన్నాడు.

ఆమె దిగి వెళ్ళి చూసింది. ఆ విమానానికి సామాన్లు పెట్టే అరలు రెండు, ముక్కులో ఒకటి, తోకలో ఒకటి. ముక్కులో అర ఉన్నట్టే ఆ మహానుభావుడికి తెలియదు. కంపెనీ ఆయనదే మరి. బరువుపెట్టెలన్నీ చేతికందిన తోకలోనే కుక్కాడు.

"ఇలా ఎగరకూడదండి. తోక బరువుకి ముక్కు పైకి లేచిందంటే మళ్ళీ దిగదు."

యజమాని తలెత్తి కిటికీలోని కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ బరువుల కాగితం చూసి, ఆమె మాటే నిజమని తలూపాడు. అన్నీ కిందికి దించారు. ఏది ముందుకో ఏది వెనక్కో ఆమె నిలబడి చెబుతుంటే, యజమానీ గుమాస్తా మోశారు. ఆమె వేలైనా కదపలేదు. ముప్పావుగంట పట్టింది.

"రోజూ ఇదంతా నువ్వే చేస్తున్నావా?" అన్నాడు ఆయన, మెడ తుడుచుకుంటూ.

"రోజుకు ఆరుసార్లండి."

సంచిలోంచి ఒప్పందం తీసి ఇచ్చింది. డ్యూటీ సంతకం పెట్టిన నిమిషం నుంచి జీతం అని అడుగున తన చేత్తో రాసి ఉంది. ఆయన చదివి, గొంతు తగ్గించి, సరే, నీ ఒక్కదానికే ఇస్తాను, మిగతావాళ్ళకు తెలియనివ్వకన్నాడు. ఇక్కడే తడబడాలి ఎవరైనా. సీటు పోతే పోతుందని ఆమెకు తెలుసు.

"ఏడుగురు కో-పైలట్లమండి. ఏడుగురికీ అయితేనే."

ఆయన వాచీ చూసుకున్నాడు, అతిథుల్ని చూశాడు. 'కో-పైలట్లందరికీ' అని తానే రాసి, మిగిలిన ఒక్క పెట్టె మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. మంచితనం పొంగి కాదు లెండి, వేరే దారి లేక. కింద ఆమె కూడా సంతకం చేసింది.

మళ్ళీ సీట్లోకొచ్చి చెక్‌లిస్టు చదవడం మొదలుపెట్టింది. సగంలో ఉండగా కెప్టెన్ బ్రేకు మీద చెయ్యి వేసి, అలాగే ఉంచేశాడు.

"పన్నెండేళ్ళు మోశానమ్మా ఇవే పెట్టెలు," అన్నాడు ఎదుటి అద్దంలోకి చూస్తూ. "నా నడుము అక్కడే పోయింది. అడగొచ్చని ఒక్కరోజు కూడా తోచలేదు."

ఆయన కళ్ళు తుడుచుకునేదాకా ఆమె ఆగి, చెక్‌లిస్టు మొదటి వరుస నుంచి మళ్ళీ చదివింది.