టేబుల్ మీద వదిలిన పుస్తకాలు

ఆ ఇంటి కోడల్ని పేరు పెట్టి పిలవడం అందరూ ఎప్పుడో మానేశారు. ముప్పై దాటాక, బడికెళ్ళే కూతురుండగా, లైబ్రరీ సైన్సు చదువుతానని పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న మనిషిని వీధి వీధంతా చదువులమ్మ అంది. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు, తర్వాత అలవాటుగా అన్నారు. రెండుసార్లు పరీక్ష తప్పాక మళ్ళీ వెక్కిరింపుగా అనడం మొదలుపెట్టారు.

ఈ ఏడే ఆఖరు. గ్రంథాలయ ఉద్యోగాలకి వయసు హద్దు ఒకటి ఏడ్చింది కదా, వచ్చే ఏటికి ఆమె దాన్ని దాటిపోతుంది. పోనీ పరీక్షలు రాసేస్తే సరిపోతుందా అంటే, అదీ లేదు. ఏదో ఒక లైబ్రరీలో శిక్షణకి చేరి, కొన్ని నెలలు పనిచేసి, అక్కడి అధికారి చేత ‘ఈమెకి పని వచ్చు’ అని సంతకం పెట్టించుకుని రావాలి. ఆ సంతకం లేకపోతే చదివినదంతా గాలికి పోయినట్టే. చదువులమ్మ నిద్రలో కూడా ఆ సంతకం గురించే కలవరించేదని ఆమె మొగుడు, బస్సు డ్రైవరు, నవ్వుతూ చెప్పేవాడు. నవ్వులాటకి అన్నాడు గానీ, ఆమెకి మాత్రం అది నవ్వులాట కాదు.

అత్తాకోడళ్ళంటే కొట్టుకుచావాలని రాసిపెట్టి ఉందని ఎవరన్నారో గానీ, ఆ ఇంట్లో మాత్రం చదువు చెప్పేది అత్తగారే. ఆవిడకి అక్షరం ముక్క రాదు. అయినా కోడలు బట్టీ పట్టడం విని విని, ఏ నంబరు అరలో ఏ రకం పుస్తకాలుంటాయో అంతా ఆవిడ నోటికి వచ్చేసింది. చిక్కుడుకాయలు గిల్లుతూ ఒప్పచెప్పించుకునేది.

“ఐదొందలు?”

“సైన్సు అత్తయ్యా.”

“ఆరొందల నలభై?”

“ఇంటిపని, వంట.”

“అదిగో! ఇంజనీర్ల పక్కనే పెట్టాడు చూడు వంటని. ఎవడో గానీ బుద్ధిమంతుడు. మీ మావయ్యకి ఈ సంగతి తెలియకుండానే పోయాడు.” నవ్వి, మళ్ళీ గొంతు తగ్గించి అనేది, “నువ్వా కుర్చీలో కూచోడం చూశాకే నేను పోయేది. ఈలోగా రమ్మన్నా పోను.”

ఇంత నమ్మకం పెట్టుకున్న మనిషి ఇంట్లో ఉంటే ఊపిరాడుతుందా ఎవరికైనా? చదువులమ్మకి ఆడేది కాదు.

ఆమె శిక్షణకి చేరిన లైబ్రరీ రెండంతస్తుల పాత భవనం. కింద పేపర్లు, నవలలు. పైన పెద్ద హాలు నిండా లావుపాటి పుస్తకాలు, పొడవాటి టేబుళ్ళు. గోడమీద ఒక బోర్డు, ‘చదివిన పుస్తకాలను అరలలో పెట్టకండి, టేబుల్ మీదే వదలండి’ అని. అలా ఎందుకు వదలాలో చదివేవాళ్ళకి తెలియదు. నిజం చెప్పాలంటే చదువులమ్మకీ తెలియదు. జనం తప్పు అరలో దూర్చేస్తారని కాబోలు అనుకుంది. అదీ ఒక కారణమే గానీ, అసలు కారణం వేరే ఉంది. అది తెలిసిన పాత ఉద్యోగి రిటైరై వెళ్ళిపోయాడు. ఆయన చేతిలో ఉండే స్కానరు వైరు చుట్టుకుని డ్రాయరులో పడి ఉంది. ఇదేమిటని ఆమె అడగలేదు. ఎక్కువ ప్రశ్నలడిగితే పని రాదనుకుంటారేమోనని భయం.

అందుకని ఏం చేసిందంటే, అందరికంటే ముందొచ్చి, టేబుళ్ళ మీది పుస్తకాలన్నీ వీపు మీద నంబరు చూసి టకటకా అరల్లో సర్దేసేది. పేరు చూసేది కాదు. చూస్తే ఆలస్యం అవుతుంది, పైగా నంబర్లు వంటబట్టాయన్న గర్వం ఒకటి. లైబ్రరీ అధికారిని అందరూ పెద్దమేడం అంటారు. ఆవిడ పైకి వచ్చేసరికి టేబుళ్ళు అద్దాల్లా మెరిసేవి.

“ఇన్నాళ్ళకి ఈ హాలు హాలులా ఉంది,” అంది ఒకరోజు. ఆ ఒక్క మాటకే చదువులమ్మ ఇంటికి పరుగున వెళ్ళింది. అత్తగారు ఆ మాటని మూడుసార్లు చెప్పించుకుని వింది.

ఆ హాల్లో రోజూ వచ్చేవాళ్ళు కొద్దిమందే. అందులో కిటికీ దగ్గర కూర్చునే నడివయసు ఆవిడొకరు. ఎక్కడో మంచం పట్టిన పెద్దావిడకి సేవ చేస్తూ వాళ్ళింట్లోనే ఉంటుంది. సొంత చిరునామా లేదు గనక కార్డు ఇవ్వలేదు, కార్డు లేదు గనక పుస్తకం ఇంటికి తీసుకెళ్ళలేదు. మధ్యాహ్నం పెద్దావిడ నిద్రపోయే వేళకి వచ్చి, ఏదో లావు పుస్తకం ముందేసుకుని, వేలు పెట్టి ఒక్కో వాక్యం చదువుకుని, టేబుల్ మీద వదిలి వెళ్ళేది. చదువులమ్మ ఆవిడని కిటికీ పిన్ని అనేది. పలకరింపుకి మాత్రం కొదవలేదు, కూర్చుని మాట్లాడే తీరికే ఉండేది కాదు.

అలా ఉండగా పైఅధికారుల నుంచి హుకుం వచ్చింది. పై హాల్లో కంప్యూటర్లు పెడతారట, సగం అరలు ఖాళీ చేయాలి. ఏళ్ళ తరబడి ఎవరూ వాడని పుస్తకాలు తీసెయ్యాలి. పెద్దమేడం చదువులమ్మని పిలిచి, “ఇది నువ్వే చెయ్యి. బాగా చేశావంటే సంతకం గురించి నువ్వు నన్ను అడగక్కర్లేదు,” అంది. చదువులమ్మకి ఏనుగెక్కినంత సంబరమైంది. కంప్యూటరులో అడిగితే, ఐదేళ్ళుగా కదలని పుస్తకాల నంబర్లు వరసగా వచ్చాయి. ఒక్కటీ తప్పిపోకుండా తీసింది. లేబులు చింపింది, ‘తొలగించడమైనది’ అని ముద్ర కొట్టింది, చివర తన సంతకం పెట్టింది. మొదటి విడత వ్యాను ఎక్కి కాగితం మిల్లుకి వెళ్ళిపోయింది. రెండో విడత మెట్ల దగ్గర కట్టలు కట్టి ఉంది. ఆ రోజుల్లో కిటికీ పిన్ని రాలేదు. పెద్దావిడని ఆసుపత్రిలో చేర్చారని ఎవరో అన్నారు.

తర్వాతి సెలవు రోజున చదువులమ్మ వంటింటి గడప మీద కూర్చుని పరీక్షకి చదువుతోంది. ఎప్పుడూ అడగరని వదిలేసిన పాఠం ఒకటుంది. ఎందుకైనా మంచిదని తిరగేసింది. అందులో ఉంది. పాఠకులు పుస్తకాలను టేబుల్ మీద వదలాలి, సిబ్బంది వాటిని అరలో పెట్టేముందు స్కానరుతో నమోదు చేయాలి, ఇంటికి వెళ్ళకుండా లోపలే చదివే పుస్తకాలు కూడా వాడుకలో ఉన్నాయని కంప్యూటరుకి తెలిసేది ఆ ఒక్క దారిలోనే.

ఆమె ఆ వాక్యం మళ్ళీ చదివింది.

పై హాల్లో ముప్పాతిక వంతు పుస్తకాలు బయటికి ఇవ్వనివే. జనం అక్కడే చదువుతారు, టేబుల్ మీద వదులుతారు. వాటిని రోజూ పొద్దున్నే, ఎవరూ చూడకముందే, లెక్కకి రాకుండా అరల్లోకి తోసేసింది ఎవరు? తనే. పాత ఉద్యోగి రిటైరై ఏళ్ళయింది, ఆయన తర్వాత ఎవరూ నమోదు చేయలేదు. కానీ టేబుళ్ళ మీద కుప్పలు చూస్తే గుడ్డివాడికైనా తెలిసేది, ఈ పుస్తకాలు ఎవరో చదువుతున్నారని. ఆ కుప్పల్ని కళ్ళారా చూసింది తనొక్కతే. తన చేతుల్తో ఎత్తిపెట్టినవాటినే, ఎవరూ ముట్టుకోలేదని తన చేతుల్తోనే ముద్ర కొట్టింది.

“ఏమయిందే? మొహం అలా పాలిపోయిందేం?” అంది అత్తగారు.

“కొంప ముంచాను అత్తయ్యా,” అని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికి పరుగెత్తింది.

వీధి మలుపు తిరిగేలోపే మిల్లుకి ఫోను చేసింది. అవతలి మనిషి మంచివాడే, ఓపిగ్గా విన్నాడు. “అమ్మా, ఆ లోడు వచ్చిన రోజే తొట్టిలో వేసేశాం. గుజ్జయిపోయింది. ఏవైనా ముఖ్యమైనవి ఉన్నాయా తల్లీ?” అన్నాడు. ఏమని చెబుతుంది? ఏమేం ఉన్నాయో ఆమెకే తెలియదు. నంబర్లే తెలుసు. రోడ్డు పక్కన నిలబడి, అందరూ చూస్తుండగా, భోరుమని ఏడ్చింది.

రెండో విడతైనా మిగిలింది కదా! ఆ ఒక్క ఆశ పట్టుకుని మర్నాడు పెద్దమేడం గదిలోకి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. స్కానరు సంగతి, టేబుళ్ళ సంగతి, అన్నీ. “కొద్దిరోజులు టైమివ్వండి మేడం. ఆ కట్టలు విప్పి మళ్ళీ అరల్లో పెడతాను. ఎవరేం చదువుతున్నారో చూసి, నిజంగా ఎవరికీ అక్కర్లేనివే తీస్తాను. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

పెద్దమేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

“నాకు తెలియదనుకున్నావా?”

చదువులమ్మ తలెత్తి ఆవిడ వైపు చూసింది.

“ఆ స్కానరు డ్రాయరులో ఎందుకుందో నాకు తెలుసమ్మా. ఆ మనిషి స్థానంలో ఇంకొకర్ని ఇమ్మని అడిగి అడిగి నా నోరు పడిపోయింది. ఇవ్వలేదు. హాలు మాత్రం ఖాళీ చెయ్యమన్నారు. ఏదో ఒక పద్ధతి ప్రకారం తీశామని చూపించాలి, చూపించాం.”

“మరి నాచేత సంతకం...”

“నా ఉద్యోగం ఇంకా కొన్నేళ్ళుంది. నువ్వు శిక్షణకి వచ్చినదానివి, నిన్నెవరూ ఏమీ అనరు.” ఆవిడ గొంతు ఒక్క క్షణం మెత్తబడింది. మళ్ళీ గట్టిపడింది. “కాదు, తప్పు జరిగిందని రాస్తానంటావా, రాయి. కానీ తప్పు చేసిన మనిషికి పని వచ్చని నేనెలా సంతకం పెట్టను? నువ్వే చెప్పు.”

సొరుగు తెరిచి శిక్షణ పత్రం టేబుల్ మీద పెట్టింది. అప్పటికే పూర్తి చేసి ఉంది. ‘శ్రద్ధ గల మనిషి, పని చక్కగా వచ్చు’ అని రాసి ఉంది. సంతకం ఒక్కటే మిగిలింది. కింద వ్యాను హారను మోగుతోంది, కట్టలు ఎక్కించాలి.

నేనైతే ఆ పత్రం ఆవిడ మొహాన కొట్టేదాన్నని అనడం ఎవరికైనా తేలికే. వెనకాల అత్తగారు లేకపోతే, రెండుసార్లు తప్పి ఉండకపోతే, వచ్చే ఏడు ఇంకో అవకాశం ఉంటే. చదువులమ్మ ఆ కాగితం వైపు చూస్తూ నిలబడింది. హారను మళ్ళీ మోగింది.

“ఎక్కించమని చెప్పనా మేడం?” అంది. ఆ గొంతు తనదేనని ఆమెకే అనిపించలేదు.

పెద్దమేడం సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం అత్తగారు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, ఇరుగుపొరుగుని పిలిచి చూపించింది. “మా కోడలు గట్టిది! ఏమనుకున్నారో!” అంటూ ఇల్లంతా తిరిగింది. చదువులమ్మ తలనొప్పిగా ఉందని గోడవైపు తిరిగి పడుకుంది. చెబుదామని రెండుసార్లు లేచింది. ఆవిడ మొహం చూసి మళ్ళీ పడుకుంది.

శిక్షణ ఆఖరి రోజున, మధ్యాహ్నం, మెట్ల మీద నుంచి తెలిసిన అడుగుల చప్పుడు వినిపించింది. కిటికీ పిన్ని. బాగా చిక్కిపోయింది, కానీ మొహంలో సంతోషం ఉంది. తిన్నగా తన అర దగ్గరికి వెళ్ళింది. అర అక్కడ లేదు. కంప్యూటరు బల్లలు ఉన్నాయి. అటు వెతికింది, ఇటు వెతికింది, చివరికి చదువులమ్మ దగ్గరికి వచ్చింది.

“అమ్మాయ్, పెద్దావిడ ఇంటికొచ్చేసిందే! రాగానే మొదలెట్టింది, ఇవాళ ఏ చేప చెబుతావు అని. కళ్ళు కనబడవు కదా, రోజూ ఇక్కడ చదివింది వెళ్ళి చెబుతుంటాను. సగమే అయింది, ఇంకా బోలెడు చేపలున్నాయి. ఆ సముద్రం పుస్తకం, లావుది, ఎక్కడ పెట్టారు?”

నిజం చెప్పడానికి చదువులమ్మ నోరు తెరిచింది. దేవుడి మీద ఒట్టు, చెబుదామనే తెరిచింది.

“ఎవరో చదువుకోడానికి తీసుకెళ్ళారు పిన్నీ,” అంది.

“నిజంగానా!” కిటికీ పిన్ని రెండు చేతులూ జోడించుకుంది. “ఇన్నాళ్ళూ దాన్ని నేనొక్కదాన్నే చదువుతున్నాననుకున్నానే! ఇంకొకళ్ళకి కూడా నచ్చిందన్నమాట. చూశావా, మంచి పుస్తకమని నేను అనుకుంటూనే ఉన్నా.”

చదువులమ్మ చేతిలోని కలానికి మూత పెట్టింది.

“వాళ్ళని తొందరపెట్టకమ్మా, పాపం. లావు పుస్తకం కదా, నిదానంగా చదువుకోనీ,” అంది కిటికీ పిన్ని, వెళ్ళడానికి సిద్ధమవుతూ. “తెచ్చాక నాకొక్క మాట చెప్పు, చాలు. నేను రోజూ వచ్చి కనుక్కుంటాలే.”

“అలాగే పిన్నీ,” అంది చదువులమ్మ.