పంపు కింద పీట

గాలి కంటికి కనబడదు. రహమతున్నీసా భయమంతా అక్కడే ఉంది. కుండలో నీళ్లు తగ్గితే కనబడుతుంది, డబ్బాలో బియ్యం తగ్గితే కనబడుతుంది. టైరులో గాలి మాత్రం, తగ్గిందని తెలిసేసరికి మనిషి నడిరోడ్డు మీద నిలబడి ఉంటాడు.

మనవరాలు యాస్మిన్ పాత కారు ఒకటి కొని మార్టూరులో ఇంటి ముందు నిలిపిన రోజు నుంచీ ఆవిడకు అదే ధ్యాస. పొద్దున నమాజు చేసుకుని, కొంగు తలమీదికి లాక్కుని వీధిలోకి వచ్చి, ఎడమవైపు వెనక టైరు ముందు గొంతుక్కూర్చునేది. జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు అరచెయ్యి ఆనించి చూసేది. తర్వాత పెరట్లోకి పోయి, అరిగిపోయిన టేకు పీట మీద కూర్చుని బట్టలుతుకుతున్నా చెవి మాత్రం వీధివైపే ఉండేది, టైరు ఉస్సుమంటుందేమోనని.

మెకానిక్ ఇషాక్ చూసి పెదవి విరిచాడు. "టైరు బాగానే ఉంది పెద్దమ్మా. రిమ్ము తుప్పు పట్టింది. అంచుల్లోంచి కొంచెం కొంచెం గాలి పోతోంది. వేరే రిమ్ము చెప్పి పెట్టా, పది రోజుల్లో వస్తది. అందాకా రోజూ గాలి కొట్టుకుంటే ఏం కాదు."

"స్టెప్నీ ఉందిగా, అది వేసెయ్యరాదూ?"

"దాన్ని చూశారా? నా గుండు నయం దానికన్నా."

యాస్మిన్ నవ్వింది. ఆవిడకు నవ్వు రాలేదు. సోమవారం నుంచి యాస్మిన్ ఒంటరిగా ఊళ్లు తిరగాలి. తాడేపల్లిలోని ఒక కంటి ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన ఉద్యోగం అది. పత్తి తీసే కూలీలకూ మిరపచేలల్లో కలుపు తీసే ముసలివాళ్లకూ కళ్లు పరీక్ష చేసి అద్దాలు రాయాలి. పెట్రోలు బంకులు ఉండేది హైవే మీద. యాస్మిన్ వెళ్లేది లోపలి ఊళ్లకు. అక్కడ రోడ్డుకు రెండు పక్కలా చేలు తప్ప గాలి కొట్టే దిక్కు ఉండదు.

"పంపు కొందాం," అంది రహమతున్నీసా. "అది డిక్కీలో పడ్డాకనే నువ్వు గడప దాటేది."

"సరే నానీమా, కొందాం," అంది యాస్మిన్. తనను కన్న తల్లి, రహమతున్నీసా కూతురు సిద్దికా పురిటికని ఆసుపత్రికి వెళ్లి, పసిగుడ్డును ఇంటికి పంపి, తను మాత్రం రాలేదు. అప్పటినుంచీ యాస్మిన్‌ను పెంచింది ఈ చేతులే. అందుకని నానీమా భయాలతో వాదన పెట్టుకునేది కాదు. వాటి పక్కనుంచి తప్పుకుని వెళ్లడం నేర్చుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ చిలకలూరిపేట వెళ్లారు. లారీ షెడ్ల దగ్గర బుల్లయ్య అనే ఆయన సామాన్ల కొట్టు ఉంది.

"రండి బూబమ్మగారూ. ఏం కావాలండీ?"

"కారు టైరుకు గాలి కొట్టే పంపు. కాలితో కొట్టేది."

"కాలితోనా! ఇంకా కాలితో ఎవరు కొడుతున్నారండీ? ఇదిగో, దీని వైరు సిగరెట్ లైటరు కన్నంలో గుచ్చితే బుర్రున అదే కొట్టేసుద్ది."

"నేనూ అదే చెప్పానండీ," అంది యాస్మిన్.

"ఆ కన్నంలో కరెంటు రావడంలేదని నువ్వేగా చెప్పావు?"

"బాగుచేయిస్తాను నానీమా."

"చేయించాక మళ్లీ పోతే? కాలయితే పోదుగా."

బుల్లయ్య పకపకా నవ్వాడు. "కాళ్లూ పోతాయండీ. మా ఆవిడని అడగండి, మోకాళ్ల మీద ఓ పుస్తకం చెబుద్ది."

ఆవిడ కళ్లజోడు సవరించుకుని అట్టపెట్టెల మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. బడికి పోయిన మనిషి కాదు. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకుని చదువుకుని అక్షరాలు పట్టుకుంది. ఇప్పుడు రోజూ పేపరు చదువుతుంది. చదివేటప్పుడు ముందుగా వెతుక్కునేది రోడ్డు ప్రమాదాల వార్తలే. 'బలమైనది', 'నమ్మకమైనది', 'మీ ప్రయాణానికి తోడు' అని ఉంది పెట్టెల మీద. ప్రతి పెట్టె మీదా అవే మాటలు. ఆవిడ పెట్టెలు పక్కన పెట్టి, "లోపలివి తియ్యి బాబూ," అంది.

పంపుల సంగతి ఆవిడకు కొంత తెలుసు. ఒకప్పుడు మిరపచేలో మందు కొట్టేటప్పుడు భర్త గౌస్ బాషా గొట్టం పట్టుకుని సాళ్లలో నడిస్తే, గట్టున నిలబడి కాలి పంపు తొక్కింది ఈవిడే. మొదటి పంపు రేకుది. తొక్కగానే పక్కకు మెలి తిరిగింది. "ఇది సైకిలు దాకానే," అని తోసేసింది. రెండోది నిలువు చేతిపంపు. గట్టిదే గానీ, దాని రెండు రెక్కల మీదా కాళ్లుంచి వంగి పైకీ కిందికీ గుంజాలి. యాస్మిన్ నాలుగుసార్లు గుంజేసరికి నడుం పట్టుకుంది. మూడోది రెండు గొట్టాల కాలి పంపు. ఇనుప చట్రం, దళసరి రబ్బరు గొట్టం, గాలి ఎంతుందో చూపే ముల్లు ఉన్నాయి దానికి.

"నువ్వు ఈ గొట్టం మూతికి బొటనవేలు నొక్కిపట్టు," అంది యాస్మిన్‌తో. తను చెప్పు విడిచి పెడలు తొక్కి, అలాగే నొక్కిపట్టి కదలకుండా నిలబడింది. లోపల ఎక్కడైనా గాలి కారుతుంటే కాలు మెల్లగా కిందికి దిగాలి. దిగలేదు. కొట్లో గాలిమిషను మీటరు ఎంత చూపిస్తే ఈ ముల్లు కూడా అంతే చూపిస్తోందని రూఢి చేసుకుంది. గొట్టం అతుకు దగ్గర ఉమ్ము రాసి బుడగలు వస్తున్నాయేమో చూసింది.

"సంబంధం చూసేటప్పుడు గూడా ఇన్ని చూడరండీ," అన్నాడు బుల్లయ్య.

"పెళ్లికొడుకు పారిపోతే ఇంకోడు దొరుకుతాడు నాయనా," అందావిడ. "ఇది తీసుకుంటాం."

తిరిగి వచ్చేటప్పుడు యాస్మిన్ హైవే వదిలి లోపలి రోడ్డు పట్టింది. రేపటినుంచి తను తిరగబోయే దారి నానీమాకు చూపిస్తే భయం తగ్గుతుందనుకుంది. ముందురోజు వాన పడింది. రెండు వైపులా నల్లరేగడి చేలు తడిసి మెరుస్తున్నాయి. విరిసిన పత్తి బరువెక్కి వేలాడుతోంది. కనుచూపు మేరలో మనిషి జాడ లేదు.

ఆ మనిషి లేకపోవడమే చూస్తోంది రహమతున్నీసా. "ఇక్కడ ఆపు," అంది.

"ఎందుకు?"

"గాలి తీసి, పంపుతో కొట్టి చూపించు."

"ఇంటికెళ్లి చూద్దాంలే."

"ఇంటి దగ్గర అన్నీ పనిచేస్తాయే. ఇక్కడ పనిచెయ్యాలి."

యాస్మిన్ నిట్టూర్చి కారు పక్కకు తీసింది. రోడ్డు సన్నం కావడంతో ఎడమ చక్రాలు రెండూ మట్టిలోకి దిగాయి. తను కిందికి దిగి, విసుగ్గా వెనక టైరు వాల్వు పిన్ను నొక్కింది. గాలి ఉస్సున బయటికి తన్నింది. అవసరమైన దానికన్నా ఎక్కువే పోయింది. "చాలే, చాలు!" అని నానీమా అంటున్నా, కోపంలో మరికాస్త నొక్కింది. టైరు చతికిలబడింది.

పంపు బిగించి పెడలు మీద కాలు వేసింది. చట్రం సన్నటి కాళ్లు పక్కకు ఒరిగి బురదలో దిగబడ్డాయి. లాగి ఇంకోచోట పెట్టింది. అక్కడా అంతే. తొక్కే ప్రతి తొక్కుకీ పంపు కిందికి పోతోందే తప్ప గాలి లోపలికి పోవడంలేదు. తారు మీద పెడదామంటే గొట్టం అందలేదు. కారునే తారు మీదికి తెద్దామని స్టార్టు చేస్తే, గాలి లేని చక్రం గిర్రున తిరిగి మరింత లోతుకు కూరుకుంది.

బుల్లయ్య కొట్లో నేల సిమెంటుది. ఆ ముక్క ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

పొద్దు వాలుతోంది. యాస్మిన్ కారు లైట్లు నాలుగూ మినుకుమనేలా వేసి, ఇషాక్‌కు ఫోను చేసింది. "అరగంటలో వచ్చేస్తాడంట నానీమా."

అరగంట. రహమతున్నీసా వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసింది. గౌస్ బాషా కూడా ఆ మాటే అన్నాడు. మిరపకాయ బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకు పోతూ, దారిలో టైరు దిగిందని ఫోను చేసి, గాలి తేవడానికి మనిషిని పంపా, అరగంటలో కదులుతానన్నాడు. ఆ అరగంటలోనే వెనకనుంచి లారీ వచ్చింది. అప్పటినుంచి ఆవిడకు 'అరగంట' అన్న మాట వింటే గుండె జారిపోయేది. ఇవాళ ఆ అరగంటను తన నోటితో అడిగి, తన చేత్తో తెచ్చి మనవరాలి నెత్తిన పెట్టింది. చేతులారా గాలి తీయించింది.

"కారు దగ్గర్నుంచి దూరంగా రా తల్లీ. చేలోకి రా."

"ఏం కాదు నానీమా, లైట్లు వెలుగుతున్నాయిగా." అంటూ యాస్మిన్ మళ్లీ పంపు మీదికి వంగింది. మళ్లీ దిగబడింది.

ఆ వంగిన నడుమును, బురదలో ఒరిగిన పంపును చూస్తుంటే ఎక్కడో చూసినట్టే అనిపించింది రహమతున్నీసాకు. పెళ్లయిన కొత్తలో, వాన వెలిసిన చేలో, తను తొక్కుతున్న కాలి పంపు ఇలాగే కూరుకుపోతుంటే గౌస్ బాషా సాళ్ల మధ్యనుంచి కేకేశాడు: "రేగట్లో పీట వెయ్యకుండా పంపు తొక్కుతారటే పిచ్చిదానా!" కేకేసి, తనే వచ్చి పంపు కింద టేకు పీట వేశాడు. ఇప్పుడు తను రోజూ బట్టలుతకడానికి కూర్చునే పీటే అది. ఏళ్ల తరబడి దాని మీదే కూర్చుంటూ, అది దేనికి చేయించిందో మర్చిపోయింది.

"పీట!" అంది. "యాస్మిన్, పంపు కింద పీట వెయ్యాలే!"

"ఇక్కడ పీట ఎక్కణ్ణించొస్తది?"

"డిక్కీ తియ్యి!"

స్టెప్నీ మీద కప్పిన అట్టచెక్క ఉంది డిక్కీలో. ఇద్దరూ కలిసి ఊడబెరికి బురదలో పరిచారు. దానిమీద పంపు పెట్టి యాస్మిన్ తొక్కింది. చెక్క కిరకిరమంది, కొంచెం వంగింది. పంపు నిలిచింది. ముల్లు ఒక్క పిసరు కదిలింది.

అప్పుడే మలుపు అవతల ట్రాక్టరు చప్పుడు వినిపించింది.

రహమతున్నీసా ఇక ఆలోచించలేదు. సెల్లు లైటు వెలిగించి మలుపు వైపు నడిచింది. పరుగెత్తాలని ఉంది, మోకాళ్లు సాగనివ్వలేదు. మలుపు తిరిగేసరికి ఎదురుగా, రోడ్డంతా నిండిన పత్తి బోరాల కొండ ఒకటి ఒంటికంటి లైటుతో వస్తోంది. ఆవిడ రోడ్డు మధ్యలో నిలబడి, కొంగు తీసి ఊపింది. లైటు పెరుగుతోంది. గౌస్ బాషా చివరిసారి చూసింది కూడా ఇలాంటి వెలుతురేనేమో అనిపించింది. కళ్లు మూసుకుంది గానీ పక్కకు జరగలేదు.

కీచుమంటూ బ్రేకు పడింది.

"ఏందమ్మో! చావాలని వచ్చావా? నా బండే దొరికిందా నీకు?" డ్రైవరు కోటేష్ కిందికి దూకాడు. కళ్లు మూసుకుని నిలబడ్డ ఆ ముసలి మనిషిని చూసి గొంతు తగ్గించాడు. "ఏంది బూబమ్మా, ఏమైంది?"

"మలుపులో... మా పిల్ల... టైరుకు గాలి కొడతంది. మెల్లగా రా నాయనా."

అతను కిందనే నడుస్తూ, బండి మీదున్న కూలీతో నత్తనడకన పోనిమ్మని కేకేశాడు. కారుకు వెనగ్గా ట్రాక్టరు ఆపించి, లైటు అటు తిప్పించాడు. వెలుతుర్లో యాస్మిన్ పంపు తొక్కుతోంది. జుట్టు రేగి, ఒంటినిండా బురదతో, లయగా తొక్కుతోంది.

"ఇటియ్యమ్మా, నేను కొడతా," అన్నాడు కోటేష్.

"వద్దన్నా. రేపు నువ్వుండవుగా," అంది ఆగకుండానే.

"ఓరి దీని మొండితనం! ఎవరి పోలికో!" అన్నాడు. రహమతున్నీసా లైట్లో మెల్లగా లేస్తున్న టైరునే చూస్తోంది. చక్రం నిండాక అతనూ కూలీ కలిసి కారును తారు మీదికి నెట్టారు. అట్టచెక్క అప్పటికే నడిమికి పగిలింది. ఇక రావద్దని యాస్మిన్ ఇషాక్‌కు ఫోను చేసి చెప్పింది.

సోమవారం పొద్దున యాస్మిన్ బయల్దేరింది. రహమతున్నీసా రూపాయి బిళ్లను ఆకుపచ్చ గుడ్డలో చుట్టి ప్రయాణంలో రక్షగా మనవరాలి జబ్బకు ఇమామ్ జామీన్ కట్టింది. టైరు మీద అరచెయ్యి ఆనించి చూసింది. వెళ్లొద్దన్న మాట గొంతుదాకా వచ్చింది. పెరట్లోకి పోయి, టేకు పీట తెచ్చి, కొంగుతో తుడిచి డిక్కీలో పంపు పక్కన పెట్టింది.

"మరి నువ్వు దేనిమీద కూర్చుంటావు నానీమా?"

"నాకేమే. నువ్వు పోయిరా."

కారు వీధి మలుపు తిరిగింది. శబ్దం కూడా వినబడకుండా పోయేదాకా నిలబడి, ఆవిడ పెరట్లోకి వచ్చింది. నానబెట్టిన బట్టల్లో రాత్రి బురద చుడీదారు పైకి తేలుతోంది. అలవాటుగా కూర్చోబోయి, పీట లేదని గుర్తొచ్చి ఆగింది. తడి బండ మీదే చతికిలబడింది. బండ చల్లగా ఎముకల్లోకి పాకింది. చెవి వీధివైపు పెట్టి, ఉతకడం మొదలుపెట్టింది.